ల్యాప్‌టాప్‌లో నడిచిన ప్రోగ్రామ్ బోర్డు మీద ఎందుకు మొరాయిస్తుంది? క్రాస్ కంపైలింగ్‌లో ఏం జరుగుతుంది

అనంతపురం, కర్నూలు, కడప ఇంజనీరింగ్ కాలేజీల్లో చివరి ఏడాది ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే ల్యాబ్ బల్లల మీద బోరు మోటారును ఆన్, ఆఫ్ చేసే బోర్డులు, డ్రిప్ వాల్వులు, నేల తేమ కొలిచే సెన్సర్లు కనిపిస్తాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, బోర్ల మీద ఆధారపడి సాగు చేసే అనంతపురం లాంటి చోట పిల్లలకు ఇలాంటి ఆలోచనలే ముందు రావడం సహజం. ప్రోగ్రామ్ ల్యాప్‌టాప్‌లో రాస్తారు. అక్కడ బాగానే నడుస్తుంది. తీరా బోర్డులోకి ఎక్కించాక ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ వస్తుంది. లేదంటే ఫైల్ ఎదురుగానే ఉన్నా ‘నో సచ్ ఫైల్’ అంటుంది. డెమో ముందురోజు ఈ మాట చూస్తే ఎవరికైనా టెన్షనే.

క్లుప్తంగా: ఒక రకం ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ మీద కూర్చుని ఇంకో రకం ప్రాసెసర్‌కు కోడ్ తయారు చేయడమే క్రాస్ కంపైలింగ్. కంపైలర్ (రాసిన కోడ్‌ను ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే ప్రోగ్రామ్) మార్చడం ఇందులో సులువైన భాగం. చాలా వైఫల్యాలు బోర్డు మీదున్న లైబ్రరీలు (ముందే రాసిపెట్టిన కోడ్), వాటి వెర్షన్లు, ప్రాసెసర్ తరం, డేటా సైజులు ల్యాప్‌టాప్‌తో కలవకపోవడం వల్ల వస్తాయి. ఏ ఎర్రర్ ఏ పొర నుంచి వస్తోందో తెలిస్తే వెతకాల్సిన చోటు చాలా తగ్గిపోతుంది.

ఫైల్ మీద రాసి ఉండే నంబరు

సీ భాషలో రాసిన వాక్యం ప్రాసెసర్‌కు అర్థం కాదు. కంపైలర్ దాన్ని ఒక నిర్దిష్టమైన ప్రాసెసర్ కుటుంబం ఆదేశాలుగా మారుస్తుంది. మన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది ఇంటెల్, ఏఎండీ వాళ్ల ఎక్స్86 కుటుంబం. రాస్ప్‌బెర్రీ పై, ఎస్‌టీఎం32 బోర్డుల్లో ఉండేది ఆర్మ్. ఒకదాని ఆదేశాలు ఇంకోదానికి అర్థం లేని అంకెలు.

లినక్స్ ప్రోగ్రామ్ ఫైల్ మొదట్లోనే ఇది ఏ ప్రాసెసర్ కోసమో చెప్పే నంబరు ఒకటి ఉంటుంది. 64 బిట్ ఎక్స్86కు 62, 32 బిట్ ఆర్మ్‌కు 40, 64 బిట్ ఆర్మ్‌కు 183, రిస్క్-ఫైవ్ అనే ఇంకో ప్రాసెసర్ కుటుంబానికి 243. బోర్డులోని కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) ప్రధాన భాగం, ఫైల్ తెరవగానే ఈ నంబరు చూస్తుంది. తనది కాకపోతే అక్కడే ఆపేస్తుంది. ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అంటే చాలాసార్లు ఇంతే. ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేదు, వేరే ప్రాసెసర్‌కు తయారైంది.

కంపైలర్ కూడా ఒక ప్రోగ్రామే. అది నడిచే యంత్రమూ, అది తయారుచేసే కోడ్ నడిచే యంత్రమూ ఒకటే కావాలన్న నియమం ఎక్కడా లేదు. ఈ పద్ధతి పర్సనల్ కంప్యూటర్ల తొలి రోజుల నుంచీ ఉంది. 1975లో బిల్ గేట్స్, పాల్ అలెన్ ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్‌కు బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను రాసేటప్పుడు వాళ్ల దగ్గర ఆల్టెయిర్ లేదు. హార్వర్డ్‌లోని పీడీపీ-10 అనే పెద్ద యంత్రం మీద ఇంటెల్ 8080 ప్రాసెసర్‌ను అనుకరించే ప్రోగ్రామ్‌ను అలెన్ రాశారు. దాని మీదే బేసిక్‌ను పరీక్షించి, పేపర్ టేపు మీద ఆల్టెయిర్ తయారీ సంస్థ ఉన్న ఆల్‌బకర్కీ తీసుకెళ్లారు. అసలు యంత్రం మీద అది నడిచింది.

బోర్డు మీదే కంపైల్ చేస్తే పోదా?

విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఇది. అడగాల్సిన ప్రశ్నే. జవాబు బోర్డును బట్టి మారుతుంది.

‘బ్లూ పిల్’ అని పిలిచే చవక బోర్డు మీద ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్ ఉంటుంది. దానికి 64 కేబీ ఫ్లాష్ (ప్రోగ్రామ్ నిల్వ ఉండే మెమరీ), 20 కేబీ ర్యామ్. ఆర్డుయినో ఊనోకు 32 కేబీ ఫ్లాష్, 2 కేబీ ర్యామ్. కంపైలర్ ఒక్కటే అనేక మెగాబైట్లు ఉంటుంది. పైగా వీటి మీద ఫైళ్లు, కమాండ్ లైన్ లాంటివేమీ ఉండవు. వీటికి క్రాస్ కంపైలింగ్ తప్ప వేరే దారి లేదు.

రాస్ప్‌బెర్రీ పై లాంటి లినక్స్ బోర్డుల సంగతి వేరు. వాటి మీద జీసీసీ అనే కంపైలర్ నడుస్తుంది. నాలుగైదు ఫైళ్ల ప్రోగ్రామ్‌కు బోర్డు మీదే కంపైల్ చేసుకోవడమే సుఖం, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఓపెన్‌సీవీ, క్యూటీ లాంటి పెద్ద లైబ్రరీలు కట్టాల్సి వచ్చినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. గంటలు పడుతుంది. 512 ఎంబీ ర్యామ్ ఉన్న పై జీరో మీదైతే మెమరీ చాలక కంపైలర్‌నే కెర్నల్ మధ్యలో ఆపేస్తుంది, తెరమీద ‘కిల్డ్’ అన్న ఒక్క మాట మిగులుతుంది. ఇక పొలంలో స్టార్టర్ డబ్బా పక్కన బిగించిన బోర్డుల్లో కోడ్ మార్చాలంటే ఒక్కోదాని మీద కూర్చుని కంపైల్ చేయడం అయ్యే పని కాదు. ఒకచోట తయారుచేసి అన్నింటికీ పంపాల్సిందే.

కీల్, ఆర్డుయినో వెనక దాగిన పని

8051, ఎల్‌పీసీ2148 బోర్డులతో కీల్ అనే సాఫ్ట్‌వేర్ వాడిన ప్రతి విద్యార్థీ ఇప్పటికే క్రాస్ కంపైలింగ్ చేసినట్టే. బిల్డ్ నొక్కడం, హెక్స్ ఫైల్ రావడం, ఫ్లాష్ మ్యాజిక్‌తో చిప్‌లోకి డంప్ చేయడం, ఇదంతా అదే పని. ఆర్డుయినో కూడా మెనూలో బోర్డు పేరు ఎంచుకోగానే ఆ చిప్‌కు తగిన కంపైలర్, లైబ్రరీలు, మెమరీ కొలతలు అన్నీ తానే సర్దుకుంటుంది.

అయోమయానికి మూలం ఈ సౌకర్యమే. బోర్డు పేరు వెనక ఎన్ని నిర్ణయాలు ఉన్నాయో ఆ మెనూ కనపడనివ్వదు. మామూలు లినక్స్ బోర్డుకు వచ్చేసరికి మెనూ ఉండదు, ఆ నిర్ణయాలన్నీ ఒక్కసారిగా రాసేవాడి నెత్తిన పడతాయి. మొదటి ఏడాది ల్యాబ్‌లోనే కీల్ అవుట్‌పుట్ విండోలో కనిపించే కంపైలర్, లింకర్ (కంపైల్ అయిన ముక్కల్ని లైబ్రరీలతో కలిపే ప్రోగ్రామ్) వరుసలను ఒక్కసారి చదివించి ఉంటే ఈ గందరగోళం సగం తగ్గేది.

టూల్‌చెయిన్ పేరులోనే సగం సమాచారం

కంపైలర్, లింకర్ లాంటి పరికరాలన్నీ కలిపిన సెట్టునే టూల్‌చెయిన్ అంటారు. క్రాస్ కంపైలర్ల పేర్లు పొడుగ్గా ఉంటాయి: ‘ఆర్మ్-నన్-ఈఏబీఐ’, ‘ఆర్మ్-లినక్స్-గ్నూఈఏబీఐహెచ్ఎఫ్’, ‘ఏఆర్క్64-లినక్స్-గ్నూ’. మొదటి ముక్క ప్రాసెసర్. మధ్యలోది ఆపరేటింగ్ సిస్టమ్, ‘నన్’ అంటే ఓఎస్ లేని ఖాళీ చిప్ అని. చివరిది ఫంక్షన్ల మధ్య విలువలు ఏ దారిన వెళ్లాలో చెప్పే ఒప్పందం, అంటే ఏబీఐ.

ఆ చివర ఉన్న ‘హెచ్ఎఫ్’ను తేలిగ్గా తీసుకుంటే దెబ్బతింటారు. దశాంశాలను ప్రాసెసర్‌లో వాటికోసమే ఉన్న ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్ల (విలువలు ఉంచే చిన్న గదుల) ద్వారా పంపే పద్ధతి అది. ‘హెచ్ఎఫ్’ లేని పద్ధతిలో అవే విలువలు మామూలు రిజిస్టర్ల గుండా వెళతాయి. రెండు రకాల ఫైళ్లను కలిపితే లింకర్ ఒప్పుకోదు. అది ఒప్పుకోకపోవడమే మంచిది. ఒప్పుకుంటే ఒక ఫంక్షన్ పంపిన విలువను ఇంకో ఫంక్షన్ వేరే చోట వెతికి, ఏదో ఒక అంకె పట్టుకుని లెక్క చేసేస్తుంది.

పేరు సరిపోయినా కథ అయిపోదు. లినక్స్ రకాలైన డెబియన్, ఉబుంటు ఇచ్చే ‘హెచ్ఎఫ్’ కంపైలర్ ఆర్మ్ ఏడో తరం ప్రాసెసర్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైంది. 2012లో వచ్చిన మొదటి రాస్ప్‌బెర్రీ పై, తర్వాతి పై జీరో ఆరో తరం ప్రాసెసర్‌వి. పేరు ఒకటే, ఫైల్‌లో నంబరు కూడా అదే 40. కెర్నల్ లోపలికి రానిస్తుంది. మొదలుపెట్టగానే ఆరో తరానికి తెలియని ఆదేశం తగిలి ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అంటూ ఆగిపోతుంది. ఆరో తరానికే కంపైల్ చేయమని ఆప్షన్ ఇచ్చినా చాలదు. కంపైలర్ తనతో తెచ్చుకునే మొదలుపెట్టే కోడ్ కూడా ఏడో తరానిదే కాబట్టి. పాత బోర్డులకు విడిగా తయారైన టూల్‌చెయిన్ కావాలి.

అసలు చిక్కు సిస్‌రూట్ దగ్గర

ప్రోగ్రామ్‌లో మనం రాసేది కొంచెమే. మిగతాది లైబ్రరీల నుంచి వస్తుంది. కంపైల్ చేసేటప్పుడు ఆ లైబ్రరీల హెడర్ ఫైళ్లు (వాటిలోని ఫంక్షన్ల వివరాలు), లింక్ చేసేటప్పుడు లైబ్రరీ ఫైళ్లు కావాలి. ఇవి ల్యాప్‌టాప్‌వి కాకుండా బోర్డువి అయ్యుండాలి. బోర్డు ఫైల్ సిస్టమ్‌లోని ఆ భాగానికి ల్యాప్‌టాప్‌లో ఉంచుకునే నకలునే సిస్‌రూట్ అంటారు. దర్జీ తన ఒంటి కొలతలతో కుట్టకుండా, చొక్కా ఎవరిదో వాళ్ల కొలతల చీటీ ముందు పెట్టుకున్నట్టే ఇది.

టూల్‌చెయిన్ సరిగ్గా ఉన్నా, మధ్యలో లైబ్రరీల జాడ చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ లాంటి పరికరాలు అలవాటు చొప్పున ల్యాప్‌టాప్ ఫోల్డర్లనే చూపిస్తాయి. అదృష్టం బాగుంటే లింకర్ ఇది వేరే ప్రాసెసర్ లైబ్రరీ అని చెప్పేస్తుంది. హెడర్ ఫైళ్లు మాత్రమే తప్పువైతే ఏ ఫిర్యాదూ రాదు. ఒక వెర్షన్ హెడర్ చూసి కంపైల్ అయిన కోడ్ బోర్డు మీద ఇంకో వెర్షన్ లైబ్రరీతో నడిచి, ఎక్కడో సంబంధం లేని చోట కూలుతుంది. రోజులు తినేసేది ఇలాంటి తప్పే. పీకేజీ-కాన్ఫిగ్‌కు సిస్‌రూట్ దారి చెప్పడం, బిల్డ్‌ను నడిపించే సీమేక్‌కు టూల్‌చెయిన్ ఫైల్ రాసి లైబ్రరీలు సిస్‌రూట్‌లోనే వెతకమని కట్టడి చేయడం మొదటిరోజే చేసుకోవాల్సిన పనులు.

రెండో చిక్కు లినక్స్ ప్రధాన సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ వెర్షన్. ఉబుంటు 22.04లో జీలిబ్‌సీ 2.35 ఉంటుంది, డెబియన్ 11లో 2.31. కొత్త దాని మీద కట్టిన ప్రోగ్రామ్ పాతదాని మీద ‘జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్’ అంటుంది. 2021లో వచ్చిన 2.34లో థ్రెడ్ల లైబ్రరీని ప్రధాన లైబ్రరీలో కలిపేశారు, అందుకే ఆ అంకె అంత తరచుగా కనిపిస్తుంది. పాతదాని మీద కట్టినది కొత్తదాని మీద సాధారణంగా నడుస్తుంది, తిరగేస్తే నడవదు. పొలాల్లో రెండు మూడేళ్ల కిందట పెట్టిన బోర్డులు ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ ఓఎస్ అప్‌గ్రేడ్ చేసిన మరునాడే కొత్త కోడ్ వాటి మీద ఆగిపోవడానికి ఇదే కారణం. బోర్డులో ఉన్న డెబియన్ వెర్షన్‌తోనే ఒక కంటెయినర్ (ల్యాప్‌టాప్‌లోనే విడిగా ఉండే ఓఎస్ వాతావరణం) పెట్టుకుని అందులో క్రాస్ కంపైల్ చేయడం నమ్మకమైన మార్గం.

ఇక ఉన్న ఫైల్‌నే లేదనే వింత. ప్రోగ్రామ్ మొదలవడానికి ముందు దాని లైబ్రరీలను మెమరీలోకి తెచ్చే లోడర్ ఒకటి కావాలి, దాని పేరు ప్రోగ్రామ్ ఫైల్‌లోనే రాసి ఉంటుంది. ‘లేదు’ అన్నది ఆ లోడర్‌ను, మన ఫైల్‌ను కాదు. 2023 నుంచి రాస్ప్‌బెర్రీ పై 4 మీద 32 బిట్ ఓఎస్ వేసినా కెర్నల్ మాత్రం 64 బిట్‌ది వచ్చేలా మారింది. ‘యూనేమ్’ కమాండ్ ఇస్తే ఏఆర్క్64 అంటుంది. అది నమ్మి 64 బిట్ ప్రోగ్రామ్ కడితే కెర్నల్ ఒప్పుకుంటుంది, 64 బిట్ లోడర్ మాత్రం ఆ ఓఎస్‌లో ఉండదు. యూనేమ్‌ను కాకుండా ఆ బోర్డులోని ‘ఎల్ఎస్’ లాంటి ఏదైనా ప్రోగ్రామ్‌ను ‘ఫైల్’ కమాండ్‌తో చూస్తే నిజం తెలుస్తుంది.

ఎర్రర్ రాకుండానే తప్పే లెక్క

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కనీసం నోరు తెరిచి చెప్పే తప్పులు. చెప్పని తప్పులు ఇంకా ప్రమాదం.

బోరు మోటారు ఉదాహరణే తీసుకుంటే, నీటి ప్రవాహం చూసే సెన్సర్ వైరు ఊడిపోతే ఫంక్షన్ -1 ఇస్తుంది, విలువ సున్నా కంటే తక్కువైతే మోటారు ఆపాలి అని రాశారనుకుందాం. ఆ విలువను ‘క్యార్’ అనే ఒక బైట్ రకంలో దాచారు. ఎక్స్86 లినక్స్ మీద క్యార్‌లో రుణ సంఖ్యలు ఉంటాయి, ల్యాప్‌టాప్ పరీక్షలో మోటారు ఆగుతుంది. ఆర్మ్ లినక్స్ కంపైలర్లలో మామూలుగా క్యార్ 0 నుంచి 255 వరకే. -1 కాస్తా 255 అవుతుంది, ‘సున్నా కంటే తక్కువ’ అన్న షరతు ఎప్పటికీ నిజం కాదు. బోరులో నీళ్లు లేకపోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. మోటారు కాలితే రీవైండింగ్ ఖర్చు రైతుది. అదనపు హెచ్చరికలు ఇచ్చే ఆప్షన్ పెట్టుకుంటే జీసీసీ ఈ పోలిక ఎప్పుడూ అబద్ధమేనని ముందే చెబుతుంది. హెచ్చరికల్ని పట్టించుకోకపోవడం ల్యాప్‌టాప్ ప్రోగ్రామింగ్‌లో అలవాటైపోయింది, ఇలా బోర్డుల్లో నడిచే ఎంబెడెడ్ ప్రోగ్రామింగ్‌లో ఆ అలవాటు మానుకోవాల్సిందే.

‘లాంగ్’ రకం కూడా ఇలాంటిదే. 64 బిట్ లినక్స్‌లో 8 బైట్లు, 32 బిట్ ఆర్మ్‌లో 4. ఆర్డుయినో ఊనోలో ‘ఇంట్’ 2 బైట్లే, 32,767 దాటితే తిరగబడుతుంది. పొలంలోని చిన్న చిప్ నుంచి గేట్‌వే బోర్డుకు స్ట్రక్చర్‌ను (కొన్ని విలువలు కలిపిన కట్టను) ఉన్నదున్నట్టు బైట్లుగా పంపితే ఒకవైపు 4 బైట్లు రాస్తుంది, ఇంకోవైపు 8 చదువుతుంది. సైజు పేరులోనే ఉండే ‘ఇంట్32_టీ’ లాంటి రకాలు వాడితే ఈ గొడవ ఉండదు.

ఓఎస్ లేని చిప్ దగ్గర

బ్లూ పిల్ లాంటి చిప్‌లకు లోడర్, సిస్‌రూట్ వెర్షన్ల బాధ లేదు. దాని బదులు మెమరీ పటం మనమే ఇవ్వాలి. ఎస్‌టీఎం32లో ఫ్లాష్ హెక్సాడెసిమల్ 08000000 దగ్గర, ర్యామ్ 20000000 దగ్గర మొదలవుతాయి. కోడ్ ఎక్కడ, డేటా ఎక్కడ అన్నది లింకర్ స్క్రిప్టు చెబుతుంది. రీసెట్ అయినప్పుడు చిప్ మొదట చదివేది వెక్టర్ టేబుల్. అందులో మొదటి విలువ స్టాక్ చిరునామా, రెండోది మొదలవ్వాల్సిన కోడ్ చిరునామా. ఇంకో చిప్ లింకర్ స్క్రిప్టు పొరపాటున వాడితే కంపైల్ శుభ్రంగా అవుతుంది, డంప్ కూడా అవుతుంది, బోర్డు మాత్రం ఉలకదు పలకదు.

ఈ చిప్‌లో ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ కూడా లేదు. ఒక్క దశాంశ సంఖ్యను ప్రింట్ చేయాలన్నా దాని లెక్కల కోడ్ అంతా వచ్చి ఫ్లాష్‌లో కూర్చుంటుంది. వోల్టేజిని మిల్లీవోల్టుల్లో పూర్ణాంకంగా ఉంచుకోవడం ఇక్కడ పాటించదగిన పాత పద్ధతి.

ఉన్న దారులు, వాటి తేడాలు

వేరేవాళ్లు రాసిన పాత లైబ్రరీలను కట్టేటప్పుడు ఇంకో సమస్య వస్తుంది. వాటి కాన్ఫిగర్ స్క్రిప్టులు చిన్న పరీక్ష ప్రోగ్రామ్ రాసి, నడిపి, ఫలితం చూసి నిర్ణయాలు తీసుకుంటాయి. క్రాస్ కంపైల్‌లో ఆ పరీక్ష ప్రోగ్రామ్ ల్యాప్‌టాప్ మీద నడవదు. జవాబును మనమే చేత్తో ఇవ్వాలి, లేదా క్యూఈఎంయూ సాయం తీసుకోవాలి. ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఈ ఎమ్యులేటర్ ఆర్మ్ ప్రోగ్రామ్‌ను ల్యాప్‌టాప్ మీదే నడిపిస్తుంది. కంపైలర్‌ను కూడా క్యూఈఎంయూలోనే నడిపితే సిస్‌రూట్ బాధ ఉండదు కానీ చాలా నెమ్మది. పరీక్షలకు వాడుకోవడమే మేలు.

లైబ్రరీలు పదుల్లోకి చేరితే ఒక్కోదాన్ని చేత్తో కట్టడం వృథా. బిల్డ్‌రూట్, యోక్టో ఆ పని చేస్తాయి. టూల్‌చెయిన్, కెర్నల్, లైబ్రరీలు, చివరి ఇమేజ్ అన్నీ ఒకే వంటకం నుంచి రావడం వల్ల వెర్షన్ల గొడవ పుట్టదు. విద్యార్థి ప్రాజెక్టులకు బిల్డ్‌రూట్ చాలు. యోక్టో నేర్చుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది, కానీ ఉత్పత్తులు చేసే కంపెనీలు దాన్ని విస్తృతంగా వాడతాయి.

1987లో మొదలైన జీసీసీకి ఒక్కో టార్గెట్‌కు ఒక్కో కంపైలర్ విడిగా కట్టాలి. 2000లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో పుట్టిన ఎల్ఎల్‌వీఎం మీద ఆధారపడిన క్లాంగ్ మాత్రం ఒక్కటే అనేక ప్రాసెసర్లకు కోడ్ ఇవ్వగలదు. గో భాషలోనైతే రెండు వేరియబుల్స్ మారిస్తే చాలు. అందులోనూ సీ లైబ్రరీని పిలిచిన క్షణం సిస్‌రూట్ మళ్లీ కావాల్సి వస్తుంది.

సీమ విద్యార్థులకు దీనితో పని ఏమిటి

అనంతపురం నుంచి బెంగళూరు కొన్ని గంటల ప్రయాణం. అక్కడి ఎంబెడెడ్ ఉద్యోగాల్లో రోజూ చేసే పని ఇదే. పెనుకొండ దగ్గర కియా ప్లాంటులో తయారయ్యే కార్ల కంట్రోల్ యూనిట్లలో నడిచే కోడ్ కూడా ఎక్కడో ఒకచోట క్రాస్ కంపైల్ అయినదే. కడప దగ్గర కొప్పర్తి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్, ఓర్వకల్లు డ్రోన్ సిటీ ప్రతిపాదన లాంటివి నిలదొక్కుకుంటే ఈ పని తెలిసినవాళ్ల అవసరం ఊరి దగ్గరే పెరిగే అవకాశం ఉంది. బోర్డుల అసెంబ్లీ వరకే ఆగితే మాత్రం ఆ అవసరం అంతగా ఉండదు.

దేశంలో తయారవుతున్న ప్రాసెసర్ల వల్ల ఈ అంశం ఇంకా ముందుకొస్తోంది. ఐఐటీ మద్రాస్ శక్తి, సీ-డాక్ వేగ రెండూ రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లు. 2022లో కేంద్రం డిజిటల్ ఇండియా రిస్క్-ఫైవ్ కార్యక్రమం ప్రకటించింది. రిస్క్-ఫైవ్‌కు 2017లోనే జీసీసీ మద్దతు వచ్చింది కాబట్టి వాటికి కంపైలర్ సిద్ధంగా ఉంది. సొంత ఆదేశాల సెట్ ఉన్న ప్రాసెసర్‌కు ఆ సౌకర్యం ఉండదు. రాకెట్ల కోసం విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్, చండీగఢ్ సెమీకండక్టర్ లాబొరేటరీ కలిసి 2025లో విక్రమ్ 3201 ప్రాసెసర్‌ను ఇచ్చినప్పుడు, దానికి అడా భాష కంపైలర్, అసెంబ్లర్, లింకర్, సిమ్యులేటర్ అన్నీ ఇస్రోనే తయారు చేసుకుంది. కంపైలర్ లేనిదే చిప్ ఎంత మంచిదైనా దానితో పని చేయించుకోలేరు.

ఆర్మ్ ల్యాప్‌టాప్‌లు పెరుగుతున్నాయి కాబట్టి ఈ సమస్య దానంతటదే పోతుందా అన్నది ఇంకో ప్రశ్న. 2020లో ఆపిల్ ఎం1 వచ్చాక ప్రాసెసర్ కుటుంబం కలిసింది నిజమే. కానీ మ్యాక్ ప్రోగ్రామ్ ఫైల్ రూపమే లినక్స్‌ది కాదు, లైబ్రరీలూ వేరు. పైన చెప్పిన ‘క్యార్’ కూడా ఆపిల్ ఆర్మ్‌లో రుణ సంఖ్యల్ని ఒప్పుకుంటుంది, ఆర్మ్ లినక్స్ ఒప్పుకోదు. అంటే మ్యాక్ మీద సరిగ్గా ఆగిన మోటారు, రాస్ప్‌బెర్రీ పై మీద ఆగకపోవచ్చు.